ఇన్సులిన్ పంపు సెట్టును ఇంట్లో మార్చుకోవడం, మార్చాక సరిచూసుకోవడం ఎలా?

పంపు నుంచి ఇన్సులిన్‌ను తెచ్చే సన్నటి ట్యూబు, దాని చివర చర్మం కింద ఉండే మెత్తటి గొట్టం (కాన్యులా), దాన్ని పట్టి ఉంచే పట్టీ, ఇవన్నీ కలిపి సెట్టు. పంపు పెట్టించుకుని హైదరాబాదు నుంచి ఇంటికి చేరిన వారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "నిన్న రాత్రి సెట్టు మార్చాను, పంపు అంతా సవ్యంగానే ఉందని చూపిస్తోంది, తెల్లారేసరికి షుగర్ మాత్రం 350 దాటింది, ఎందుకు?" అడిగేవారిది నల్లగొండ అయినా, మిర్యాలగూడ అయినా, మహబూబ్‌నగర్, వనపర్తి అయినా ప్రశ్న మారదు. నా జవాబు కూడా మారదు. పంపు తెర మీద కనిపించే అంకె తాను ఎంత ఇన్సులిన్‌ను నెట్టిందో చెబుతుంది గాని, అది చర్మం కిందికి చేరిందో, బనియన్‌ను తడిపిందో చెప్పదు. ఆ సంగతి తేల్చేది షుగర్ మీటరే. కాబట్టి సెట్టు అతికించడంతో పని అయిపోయిందని అనుకోకండి. రెండు గంటల తర్వాత షుగర్ చూసుకున్నప్పుడే అది పూర్తవుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట తెలిసి ఉండాలి. పంపులో ఉండేది వేగంగా పనిచేసే ఇన్సులిన్ మాత్రమే. రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఒంట్లో నిల్వ ఉండదు కనుక, సరఫరా తెగిన మూడు నాలుగు గంటల్లోనే షుగర్ పెరిగి, కీటోన్లు (ఇన్సులిన్ అందక ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పుట్టడం మొదలవుతుంది. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 షుగర్ వారికి ఇది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. ఇక బేసల్ (రోజంతా కొద్దికొద్దిగా వెళ్లే ఇన్సులిన్) ఎంత, బోలస్ (భోజనానికి గాని, పెరిగిన షుగర్‌ను దించడానికి గాని ఒక్కసారిగా ఇచ్చేది) ఎంత అన్న మోతాదుల లెక్క మీ డాక్టరు పెట్టినదే. ఆ జోలికి నేను ఇక్కడ పోవడం లేదు.

దగ్గర పెట్టుకోవలసినవి

- డాక్టరు రాసిన వేగంగా పనిచేసే ఇన్సులిన్ సీసా (లిస్ప్రో, అస్పార్ట్, గ్లులైసిన్‌లలో ఏదైనా ఒకటి)
- కొత్త సెట్టు, కొత్త రిజర్వాయరు (పంపులో ఇన్సులిన్ నింపి పెట్టే చిన్న గొట్టం)
- సబ్బు, ఉతికిన తువ్వాలు, స్పిరిట్ దూది
- మీటరు, స్ట్రిప్పులు, వీలైతే రక్తంలో కీటోన్లు చూసే స్ట్రిప్పులు
- పంపు మొరాయిస్తే వాడుకోవడానికి ఇన్సులిన్ పెన్ను లేదా సిరంజిలు
- వాడిన సూదులు వేయడానికి గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా

ఈ జాబితాలో సీసా, సిరంజి అన్న రెండు మాటల దగ్గర కాస్త ఆగండి. మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే సీసాలు, 100 యూనిట్లు ఉండేవి రెండూ దొరుకుతాయి. పంపు లెక్కంతా 100 యూనిట్ల ఇన్సులిన్ మీద ఆధారపడి ఉంటుంది. పొరపాటున 40 యూనిట్ల సీసాతో రిజర్వాయరు నింపితే, పంపు 10 యూనిట్లు ఇచ్చానని చూపించినప్పుడు మీ ఒంట్లోకి వెళ్లేది 4 యూనిట్లే. సిరంజి విషయంలో పొరపాటు దీనికి తలకిందులుగా ఉంటుంది, మరింత ప్రమాదకరం కూడా. 100 యూనిట్ల సీసాలోంచి ఎర్ర మూత ఉన్న 40 సిరంజితో 10 గీత వరకు లాగితే, అందులోకి వచ్చేది 25 యూనిట్లు. కాబట్టి ఇంట్లో నారింజ రంగు మూత ఉన్న 100 సిరంజిలే ఉంచండి. ఎర్ర మూతవి ఉంటే ఇవాళే తీసేయండి.

ఇన్సులిన్ తేటగా ఉంది కదా అని కూడా ధీమా పడకండి. రోజంతా పనిచేసే గ్లార్జిన్ కూడా నీళ్లలా తేటగానే ఉంటుంది, కాని దాన్ని పంపులో పోయకూడదు. సీసా మీది పేరు చదివిన తర్వాతే మూత తీయండి.

సెట్టు మార్చే పద్ధతి

1. సమయం ఎంచుకోండి. ఉదయం స్నానం చేసి, ఒళ్లు బాగా ఆరిన తర్వాత, తినడానికి ముందు మార్చడం మంచిది. తర్వాత ఇచ్చే బోలస్‌తో కొత్త కాన్యులా సరిగ్గా పారుతోందో లేదో త్వరగా తెలిసిపోతుంది. పడుకునే ముందు మాత్రం మార్చకండి. పైన చెప్పిన 350 కథల్లో చాలావరకు రాత్రి పదింటికి సెట్టు మార్చి, లైటు తీసేసి పడుకున్న వారివే. రాత్రి మార్చక తప్పని పరిస్థితి వస్తే, రెండు గంటల తర్వాత మోగేలా అలారం పెట్టుకుని లేచి షుగర్ చూసుకోండి.

2. ఇన్సులిన్ సీసాను ఫ్రిజ్‌లోంచి ముందుగా తీసి, గదిలో నీడన ఉంచండి. చలికాలంలో అరగంట పడుతుంది, మే నెలలో పావుగంట చాలు. చల్లటి ఇన్సులిన్‌ను నేరుగా నింపితే, అది వెచ్చబడుతున్న కొద్దీ ట్యూబులో గాలి బుడగలు పుడతాయి. బుడగ ఒంట్లోకి వెళ్తే హాని చేయదు గాని, అది ట్యూబులో ఆక్రమించిన మేరకు మీకు ఇన్సులిన్ అందదు.

3. చేతులు సబ్బుతో కడుక్కుని, పాత సెట్టు నుంచి ట్యూబును విడదీయండి. ఈ పని మరచి ముందుకు పోకండి. ఎందుకో అయిదో మెట్టులో చెబుతాను.

4. రిజర్వాయరు నింపండి. సీసా రబ్బరు మూతను స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, ఎంత ఇన్సులిన్ తీయాలో అంత గాలిని ముందు సీసాలోకి నెట్టండి. సీసాను తలకిందులు చేసి, నెమ్మదిగా లాగండి. తొందరపడి లాగితే నురుగులా బుడగలు వస్తాయి. రిజర్వాయరును నిలువుగా పట్టుకుని వేలితో తడితే బుడగలు పైకి చేరతాయి, వాటిని తిరిగి సీసాలోకి నెట్టేయండి. రెండు మూడు రోజుల వాడకానికి, ట్యూబు నిండడానికి అయ్యేది కలుపుకుని అంతవరకే నింపండి. 300 యూనిట్లు పట్టే రిజర్వాయరు ఉంది కదా అని గొంతు దాకా నింపితే, మిగిలినది పారబోయక తప్పదు.

5. పంపులో ఇన్సులిన్‌ను నెట్టే కడ్డీని వెనక్కి రప్పించి (రివైండ్), రిజర్వాయరును అమర్చి, ట్యూబు చివర చుక్కలు రాలే వరకు నింపండి. ఈ పని జరుగుతున్నంతసేపూ ట్యూబు మీ ఒంటికి తగిలించి ఉండకూడదు. తగిలించి ఉంటే ట్యూబు నింపడానికి వాడే ఇన్సులిన్ అంతా ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది, షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ఇంట్లో పిల్లలకు మీరు మారుస్తున్నట్లయితే, ట్యూబు కొస మీ చేతిలోనే కనిపిస్తూ ఉండాలి. ఒక్క చుక్క చూసి ఆపేయకండి. నాలుగైదు చుక్కలు వరుసగా రాలితేనే ట్యూబు నిండినట్లు. ఆ తర్వాత ట్యూబును వెలుతురుకు ఎత్తిపట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా బుడగలు ఉన్నాయేమో చూడండి.

6. చోటు ఎంచుకోండి. బొడ్డుకు రెండంగుళాల దూరం వదిలి పొట్ట మీద గాని, పిరుదు పైభాగంలో గాని, తొడ బయటి వైపు గాని పెట్టుకోవచ్చు. పాత చోటుకు కనీసం ఒకటిన్నర అంగుళాల దూరం ఉండాలి. లంగా బొందు, ప్యాంటు బెల్టు, లుంగీ ముడి ఒరుసుకునే గీత మీద వద్దు. వేళ్లతో తడిమి చూస్తే గట్టిగా గాని, మెత్తటి గడ్డలా గాని తగిలే చోట్లు కొన్ని ఉంటాయి. అక్కడ గుచ్చితే నొప్పి తక్కువ కాబట్టి చాలామందికి అదే చోటు అలవాటవుతుంది. కాని అక్కడ పెట్టిన ఇన్సులిన్ ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు పనిచేయదు. అలాంటి చోటును కొన్ని నెలలపాటు వదిలేయండి.

7. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఊదకుండా, దానంతట అదే ఆరనివ్వండి. తడి మీద అతికించిన పట్టీ మధ్యాహ్నానికే ఊడుతుంది. సెట్టు పెట్టెలో చూపిన కోణంలో గుచ్చి, అంచులన్నీ వేలితో నొక్కండి.

8. సూదిని బయటికి తీయండి. మెత్తటి కాన్యులా లోపల ఉండిపోతుంది. అది ఖాళీగా ఉంటుంది కనుక, దాన్ని నింపడానికి పెట్టె మీద రాసిన మేరకు, సాధారణంగా 0.3 నుంచి 0.7 యూనిట్లు ఇవ్వాలి. ఈ మెట్టు మరచిపోతే తొలి గంటలో షుగర్ కాస్త పెరుగుతుంది. కాన్యులాకు బదులు ఉక్కు సూది ఉండే సెట్టు అయితే ఈ మెట్టు ఉండదు, కాని దాన్ని రెండు రోజులకే మార్చాలి. కాన్యులా మాటిమాటికీ వంగిపోతున్న సన్నటి పిల్లలకు ఉక్కు సూది సెట్టు మేలు చేస్తుందేమో డాక్టరును అడగండి.

9. తేదీ, సమయం, ఏ చోట పెట్టారన్నది గోడ క్యాలెండరు మీద రాయండి. పంపులో గడియారం కూడా చూడండి. బ్యాటరీ మార్చినప్పుడు పగలు రాత్రిగా మారిపోతే, మీ పగటి బేసల్ రాత్రి, రాత్రి బేసల్ పగలు నడుస్తుంది. ఏ అలారమూ మోగదు, షుగర్ మాత్రం ఎందుకు అలా ఉందో అర్థం కాదు.

పాత కాన్యులాను వెంటనే పీకేయకుండా, కొత్తది పనిచేస్తున్నదని తేలే దాకా ఉంచడం కొందరి పద్ధతి. నాకు అదే నచ్చుతుంది. వెంటనే తీస్తే అక్కడి ఇన్సులిన్ కొంత బయటికి కారిపోతుంది. కాని ఆ రోజు సాయంత్రానికైనా దాన్ని తీసేయండి.

రెండు గంటల తర్వాత చూడవలసినది

మార్చే ముందు షుగర్ ఎంత ఉందో రాసుకోండి. అది లేకపోతే తర్వాతి అంకెకు అర్థం ఉండదు. మార్చిన గంట తర్వాత ఒకసారి, రెండు గంటల తర్వాత మరొకసారి చూడండి. భోజనం వల్ల పెరగవలసినంత కంటే ఎక్కువ పెరిగితే, ముందు సెట్టును అనుమానించండి. ఎప్పటికప్పుడు షుగర్ చూపే సెన్సరును ఒంటికి పెట్టుకున్న వారు కూడా ఈ రెండు గంటల అంకెను ఒకసారి వేలి రక్తంతో సరిచూసుకుంటే నష్టం లేదు.

అలారం మోగలేదు కాబట్టి అంతా బాగుందనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ట్యూబు మూసుకుపోతే అలారం మోగుతుంది గాని వెంటనే మోగదు. లోపల కొంత ఒత్తిడి పెరగాలి. గంటకు అర యూనిట్ బేసల్ నడిచే పిల్లలకు అలా ఒత్తిడి పెరగడానికి చాలా గంటలు పడుతుంది. ఇక ఇన్సులిన్ బయటికి కారిపోతుంటే పంపుకు అసలే తెలియదు. అందుకే ముక్కుకు పని చెప్పండి. ఇన్సులిన్‌లో కలిపే రసాయనాల వల్ల దానికి ఆస్పత్రి వరండాలో ఫినాయిలు వాసన లాంటిది ఒకటి ఉంటుంది. పట్టీ దగ్గర, ట్యూబు రిజర్వాయరుకు కలిసే చోట ఆ వాసన వస్తే, కారుతున్నట్లే.

షుగర్ 250 దాటి, దానికి తిండి కారణం కాదని తోస్తే ఈ వరుసలో వెళ్లండి.

మొదట కీటోన్లు చూడండి. రక్తంలో 0.6 కంటే తక్కువ ఉంటే పంపుతో ఒకసారి సరిదిద్దే బోలస్ ఇచ్చి, గంట తర్వాత మళ్లీ షుగర్ చూడవచ్చు. అప్పటికీ దిగకపోతే పంపును నమ్మడం ఆపి, డాక్టరు చెప్పిన మోతాదును పెన్నుతో లేదా సిరంజితో వేసుకుని, సెట్టు, రిజర్వాయరు, వీలైతే ఇన్సులిన్ సీసా కూడా మార్చండి. కీటోన్లు మొదటిసారే 0.6 లేదా అంతకు మించి ఉంటే బోలస్‌తో ప్రయోగం వద్దు, నేరుగా సూదితో ఇన్సులిన్ వేసుకుని సెట్టు మార్చండి, నీళ్లు బాగా తాగండి, డాక్టరుకు ఫోన్ చేయండి. 1.5 దాటితే గంటలు లెక్కపెడుతూ ఇంట్లో కూర్చోకండి. 3 దాటినా, వాంతులు అవుతున్నా, ఊపిరి వేగంగా, భారంగా వస్తున్నా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లండి. రక్తపు స్ట్రిప్పులు దొరకని చోట మూత్రపు స్ట్రిప్పులు వాడవచ్చు. కాని అవి రెండు మూడు గంటల కిందటి సంగతి చెబుతాయని గుర్తుంచుకోండి.

సూదితో వేసుకున్న ఇన్సులిన్ పంపు లెక్కలోకి రాదు. తర్వాతి బోలస్ ఇచ్చేటప్పుడు అది ఇంకా ఒంట్లో ఉందని మీరే గుర్తుంచుకోవాలి. ఆత్రంలో అరగంటకోసారి సరిదిద్దుకుంటూ పోయి, రెండు గంటల తర్వాత 50కి పడిపోయిన వారు ఉన్నారు.

70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు పొడి లేదా పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. లడ్డూ, చాక్లెట్ ఆ సమయానికి పనికిరావు. అందులోని నెయ్యి, కొవ్వు చక్కెరను త్వరగా రక్తంలోకి వెళ్లనివ్వవు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, ట్యూబును విడదీసి, 108కి ఫోన్ చేయండి. ఈ ఒక్క వాక్యం ఇంట్లో వారందరికీ తెలిసి ఉండాలి.

మన ఎండలకు తగిన జాగ్రత్తలు

సెట్టుతో పాటు వచ్చే పుస్తకంలో ఈ భాగం రెండు వరుసల్లో ముగుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు చూసే నల్లగొండలో రెండు వరుసలు సరిపోవు. పంపులో ఉన్న ఇన్సులిన్ 37 డిగ్రీలు దాటిన వేడిని చూసిందంటే దాన్ని పారబోయాలని తయారీదారులే చెబుతారు. మన దగ్గర మధ్యాహ్నం రేకుల ఇంట్లో నీడన కూర్చున్నా ఆ గీత దాటుతుంది.

పంపును చొక్కా పైన కాకుండా లోపల, చర్మానికి మరీ అంటకుండా పల్చటి నూలు సంచిలో ఉంచండి. ట్యూబు ఎండలో వేలాడకూడదు. పంపు నీడన ఉన్నా, ఆ సన్నటి ట్యూబులోని ఇన్సులిన్ ముందు వేడెక్కుతుంది. బండి డిక్కీలో, ట్యాంకు మీది సంచిలో, ఆగి ఉన్న కారులో సీసాను గాని పంపును గాని వదలకండి. నేను ఒక మే నెలలో బ్యాంకు పని మీద వెళ్లి, సీసా ఉన్న సంచిని బండికి తగిలించి గంటసేపు లోపల ఉండిపోయాను. ఆ సీసా చూడడానికి మామూలుగానే ఉంది. తర్వాతి రెండు రోజులు షుగర్ 300 కిందికి దిగలేదు, తప్పంతా సెట్టుదనుకుని రెండు సెట్లు వృథా చేశాను. వేడికి చెడిన ఇన్సులిన్ రంగు మారి తీరాలని లేదు.

వేసవిలో రిజర్వాయరును రెండు రోజులకు సరిపడా మాత్రమే నింపి, మూడు రోజుల బదులు రెండు రోజులకే మార్చుకుంటే మేలు. సెట్ల ఖర్చు పెరుగుతుంది, నిజమే. అది భారమైతే సెట్టును మూడు రోజులు ఉంచి, రిజర్వాయరును మాత్రం రెండో రోజు మార్చవచ్చునా అని డాక్టరును అడగండి.

తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మంచు గూటికి ఆనించకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. తెరిచిన సీసా మీద తేదీ రాసి, 28 రోజులకు తీసేయండి. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవకండి. ఫ్రిజ్ లేని చోట, పొలం దగ్గరి ఇంట్లో, సీసాను నీళ్లు చొరని డబ్బాలో పెట్టి, నీళ్లు పోసిన మట్టి కుండలో, గాలి ఆడే నీడన ఉంచండి. ఎండాకాలపు పొడి గాలికి కుండ బాగా చల్లబడుతుంది. వానాకాలపు ఉక్కపోతకు అంతగా చల్లబడదు. ప్రయాణానికి నీళ్లలో నానబెట్టి వాడే చల్లటి సంచులు దొరుకుతాయి. ఐసు ముక్కల మీద నేరుగా సీసా పెట్టడం తప్పు.

చెమటకు పట్టీ ఊడుతుంటే, చర్మం పూర్తిగా ఆరాక అతికించి, చుట్టూ ఆస్పత్రి టేపు చట్రంలా వేయండి. పౌడరు, కొబ్బరినూనె ఉన్న చర్మం మీద ఏదీ నిలవదు. చెమటకాయలు ఉన్న చోట గుచ్చకండి.

తీసి పక్కన పెట్టవలసి వచ్చినప్పుడు

స్నానానికి, ఈతకు పంపు తీసి పెట్టుకోవచ్చు గాని, గంటకు మించి అలా ఉంచకండి. సాగర్ కాలువలో దిగిన పిల్లలకు గంట తెలియదు. గట్టు మీద పెద్దవారు గడియారం చూడాలి. తీసిన పంపును ఎండలో బండ మీద పెట్టకండి.

బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులూ చాలామంది ఆడపిల్లలు అడిగే మాట, ఆడేటప్పుడు పంపు తీసేయాలా అని. తీయనక్కరలేదు. గంటన్నర సేపు చప్పట్లు కొడుతూ తిరగడం మంచి వ్యాయామమే కనుక, ఆట మొదలుపెట్టడానికి గంట ముందు నుంచి తాత్కాలిక బేసల్‌ను తగ్గించుకోవడం మేలు. ఎంత శాతం అన్నది డాక్టరును ముందే అడిగి రాసుకోండి. సద్దుల నాడు ఆట ముగిశాక మలీదలు పంచుకుంటారు. ఆ తీపిని లెక్కపెట్టి బోలస్ తినేటప్పుడే ఇవ్వండి, ఆటకు ముందు వద్దు. ఆ రాత్రి పడుకునే ముందు ఒకసారి, నడిరాత్రి ఒకసారి షుగర్ చూడండి, ఆట ప్రభావం తెల్లవారే దాకా ఉంటుంది.

సెట్లు మన జిల్లాల మందుల షాపుల్లో అడిగిన వెంటనే దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోకండి. పది సెట్లకు తగ్గిన రోజే ఆర్డరు పెట్టడం నా లెక్క; మూడు రోజులకొకటి చొప్పున అది నెల రోజుల నిల్వ. పంపే చెడిపోతే ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఏ రోజంతా పనిచేసే ఇన్సులిన్, ఎన్ని యూనిట్లు, భోజనానికి ఎంత అన్నది డాక్టరు చేత రాయించుకుని, ఆ చీటీని, పంపులోని సెట్టింగులన్నీ రాసిన కాగితాన్ని పెన్నుతో పాటు ఉంచండి. పంపు చెడిందంటే అందులోని అంకెలు కూడా పోయినట్లే.

ఎమ్మారై తీయించుకునేటప్పుడు పంపును గది బయటే తీసి పెట్టాలి. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లకు కూడా మీ పంపు పుస్తకం ఏం చెబుతోందో చూడండి. ఆస్పత్రిలో చేరవలసి వస్తే, రాత్రి డ్యూటీలో ఉన్న వారు పంపును అంతకు ముందు చూసి ఉండకపోవచ్చు. జేబులో ఈ మాటలు రాసిన చీటీ ఒకటి పెట్టుకోండి: "నాకు టైప్ 1 షుగర్ ఉంది. నడుముకు ఉన్నది ఇన్సులిన్ పంపు. దీన్ని తీసేస్తే నాకు ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోతుంది, వెంటనే వేరే విధంగా ఇవ్వాలి." దాని కింద మీ డాక్టరు ఫోన్ నంబరు, ఇంట్లో ఒకరి నంబరు రాసి, ఆ చీటీ చెమటకు తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టండి.